గోడ లోపలికి వంగిన చోట

క్యారియరు పట్టుకుని టేపు సైటుకి చేరేసరికి నాన్న లేడు. సిమెంటు లారీ మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయిందట, దింపించుకోవడానికి వెళ్ళాడు. కూలీలంతా భోజనాలు ముగించి రేకుల షెడ్డు కింద కునుకు తీస్తున్నారు. ఎండ చురుక్కుమంటోంది. సముద్రం మాత్రం ఎవరి నిద్రా తనకి పట్టనట్టు తన గోల తను చేసుకుంటోంది.

టేపు అంటే ఆ పిల్ల అసలు పేరు కాదులెండి. వాళ్ళ నాన్న తాపీ మేస్త్రీ. ఆయన కొలతల టేపు ఎప్పుడు చూసినా ఈవిడగారి జేబులోనే ఉంటుంది. ఇంట్లో మంచం, బళ్ళో బెంచీ, చెల్లెలి జడ, దేన్నీ వదలదు. చదివేది ఐదో తరగతే అయినా, గోడ ముందు నిలబడి ఒక కన్ను మూసి చూసిందంటే పెద్ద ఇంజనీరు దిగొచ్చినట్టే!

"మేస్త్రీ కూతురంటే మజాకానా?" అని కూలీలు నవ్వేవాళ్ళు. ఆ మాట వింటే చాలు, టేపుకి కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

అక్కడ కడుతున్నది గెస్ట్ హౌస్. గదులు లేచిపోయాయి. ఇక సముద్రం వైపు కాంపౌండ్ గోడ ఒక్కటే మిగిలింది. ఆ గోడ ఎక్కడ రావాలో చూపిస్తూ ఇసుకలో కర్ర గూటాలు పాతి, వాటికి తెల్ల దారం కట్టారు. రేపు పొద్దున్నే జేసీబీ వచ్చి ఆ దారం పక్కనే పునాది తవ్వి, దారానికి లోపల ఉన్న నేలంతా చదును చేస్తుంది.

టేపు అలవాటుగా ఒక కన్ను మూసి దారం వెంట చూసింది. చూసి నోరు తెరిచింది.

దారం తిన్నగా వెళ్ళి వెళ్ళి, మధ్యలో ఒక్కసారిగా గదుల వైపు లోపలికి వంగింది. అలా చుట్టు తిరిగి, మళ్ళీ తిన్నగా సాగింది.

"అయ్యో! ఎవడో నిద్రమొహం వాడు పాతినట్టున్నాడు" అనుకుంది. ఇదే గనక నాన్న చూస్తే ఇంకేమైనా ఉందా? గోడ వెంట్రుకవాసి పక్కకి పోయినా కట్టింది కూలగొట్టించే మనిషి!

నిజానికి ఆ గూటాల జోలికి ఎవ్వరూ వెళ్ళొద్దని మొన్న నాన్న గట్టిగా చెప్పాడు. టేపు కూడా వింది. కానీ అది కూలీలకి చెప్పిన మాట. మేస్త్రీ కూతురికి కాదు కదా!

అంతే. గూటాలు ఊడబెరికింది. దారం లాగి పట్టింది. ఒక రాయి తీసుకుని గూటాలన్నీ ఒకే వరసలో ఠక్ ఠక్‌మని కొట్టేసింది.

పని చేస్తున్నంతసేపూ రెండు బుల్లి పిట్టలు ఒకటే గోల. ఇసుక రంగులో, గుప్పెట్లో పట్టేటంత ఉన్నాయి. వాటిలో ఒకటి రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ దూరంగా పోసాగింది. పాపం అనిపించి టేపు దాని వెనకే వెళ్ళింది. కొంచెం దూరం వెళ్ళాక అది శుభ్రంగా ఎగిరిపోయింది!

"ఓసి దొంగ పిట్టా! నన్నే బోల్తా కొట్టిస్తావా?" అని నవ్వుకుంటూ వెనక్కొచ్చి మిగిలిన గూటం కూడా పాతేసింది.

ఇప్పుడు చూడాలి ఆ దారం! గీత గీసినట్టుంది. ఈ సంగతి నాన్నకి వెంటనే చెప్పకూడదు అనుకుంది. రేపు తవ్వడం అయ్యాక, ఇంత తిన్నగా ఎవరు పెట్టారని నాన్నే అడగాలి. అప్పుడు చెప్పాలి. నాన్న సాయంత్రం దాకా సిమెంటు బస్తాల దగ్గరే ఉండిపోయి, ఒళ్ళు హూనమై ఇంటికొచ్చాడు. టేపు ముసిముసిగా నవ్వుతూ మంచినీళ్ళు ఇచ్చింది.

మర్నాడు బడి వదలగానే పుస్తకాల సంచీతోనే సైటుకి పరుగెత్తింది.

పునాది తవ్వేశారు. బాణంలా తిన్నగా ఉంది. కానీ దాని పక్కన ఎవ్వరూ సంతోషంగా లేరు. నాన్న తల దించుకుని నిలబడ్డాడు. జేసీబీ డ్రైవరు మావయ్య బండి దిగి, బిక్కమొహం వేసుకుని చక్రం పక్కన నిలబడ్డాడు. చదును చేసిన నేల మీద పిట్టలక్క మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

పిట్టలక్కని టేపు ఎరుగును. మెడలో బైనాక్యులర్స్ వేసుకుని రోజూ పొద్దున్నే ఒడ్డంతా తిరుగుతుంది. పిట్టల్ని లెక్కపెట్టడమే ఆవిడ ఉద్యోగమట. అదేం ఉద్యోగమో అని టేపు చాలాసార్లు నవ్వుకుంది. ఒకరోజు ఆవిడ ఈ ఇసుక చూపిస్తూ నాన్నతో ఏదో మాట్లాడుతుంటే, పిట్టల కబుర్లు మనకెందుకని కిటికీ కొలవడానికి వెళ్ళిపోయింది కూడా.

"మీ మాట నమ్మాను మేస్త్రీ గారూ" అంటోంది పిట్టలక్క. "గుర్తు పెడితే కాకులూ కుక్కలూ పసిగడతాయని గూడు దగ్గర పుల్ల కూడా పాతలేదు. మీరు గోడ ఇక్కడ లోపలికి వంచుతానంటే, ఇంకేం ఫరవాలేదనుకున్నాను. ఈ పిట్టలు ఎక్కడా ఎక్కువ లేవండీ. ఈ ఒడ్డు మొత్తానికి మిగిలిన జంట ఇదొక్కటే."

"అమ్మా, నా పిల్లల మీద ఒట్టు. నేను దారం ముట్టుకోలేదు. పొద్దుట్నుంచీ గదుల్లో పనిలో పడి ఇటు చూడనేలేదు" అన్నాడు నాన్న.

"నేను దారం ప్రకారమే చేశానమ్మా" అన్నాడు డ్రైవరు మావయ్య. "దారం దాటొద్దన్నారు, దాటలేదు. లోపల గుడ్లున్నాయని నాకెవరు చెప్పారు?"

"దారం దానంతటది జరగదు కదండీ" అంది పిట్టలక్క. "ఈ వంపు వద్దని ఓనరు గారు మొదట్నుంచీ అంటూనే ఉన్నారు. ఆయన అడిగితే మీరు కాదనలేకపోయారేమో."

నాన్న మొహం నల్లబడిపోయింది. ఇంతమంది ముందు నాన్నని ఎవరైనా అబద్ధాలకోరన్నట్టు మాట్లాడటం టేపు ఎప్పుడూ చూడలేదు.

కాళ్ళు ఈడ్చుకుంటూ పిట్టలక్క దగ్గరికి వెళ్ళింది. ఆవిడ అరచేతిలో పెంకు ముక్కలున్నాయి. ఇసుక రంగు, మీద సన్నటి చుక్కలు. కింద పడితే ఇసుకలో కలిసిపోయేవి. నిన్న టేపు ఎన్నిసార్లు వాటి పక్కనుంచి నడిచిందో!

"అక్కా, నిన్న ఒక పిట్ట రెక్క విరిగినట్టు..." అని ఆగిపోయింది.

"విరగలేదమ్మా. గుడ్ల దగ్గరికి ఎవరైనా వస్తే అలాగే చేస్తుంది. మనం తన వెనక పడితే గుడ్లు దక్కుతాయని దాని ఆశ" అని పిట్టలక్క చప్పున తలెత్తింది. "నిన్న నువ్వెందుకొచ్చావు ఇక్కడికి?"

టేపుకి పారిపోవాలనిపించింది. ఎవ్వరూ చూడలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ నాన్న అలా తల దించుకుని నిలబడితే చూడటం తనవల్ల కాలేదు.

"నాన్న కాదక్కా. నేను" అంది. "దారం వంకరగా ఉందని... నేనే సరిచేశాను."

అని భోరుమంది.

నాన్న కొడతాడనుకుంది. కొట్టలేదు. ఇసుకలో కూలబడి, "నన్నొక్క మాట అడగొచ్చు కదే అమ్మలూ" అన్నాడు. రెండు దెబ్బలు వేసినా ఇంత నొప్పి పుట్టేది కాదు.

కాసేపటికి పిట్టలక్క లేచి నాన్న దగ్గరికి వచ్చింది. "తొందరపడి మాటన్నాను, మనసులో పెట్టుకోకండి" అంది. నాన్న తల ఊపాడు. "నేనూ పిల్లకి చెప్పి ఉండాల్సిందమ్మా. మా ఇంట్లో తిన్నగా ఉండటం గురించే చెప్పుకుంటాం. వంకర ఎందుకు పెట్టామో చెప్పలేదు."

అంతలో ఓనరు గారు కారు దిగి వచ్చారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఉన్నదంతా ఈ గెస్ట్ హౌస్ మీదే పెట్టి, ఎప్పుడు పూర్తవుతుందా అని రోజూ వచ్చి చూసుకుంటారు. జరిగింది విని "అయ్యయ్యో" అన్నారు. నిజంగానే బాధపడ్డారు. తర్వాత పునాది వైపు చూశారు.

"సరే, జరిగిందేదో జరిగింది. గుడ్లే లేనప్పుడు ఇంక వంపు ఎందుకు మేస్త్రీ? తిన్నగా కట్టేయండి. నాకు లాన్ కూడా కలిసొస్తుంది."

టేపు ముక్కు తుడుచుకుంటూ పిట్టలక్క చెయ్యి పట్టుకుంది.

"అవి మళ్ళీ గుడ్లు పెడతాయా అక్కా?"

"పెట్టొచ్చు. పెట్టకనూ పోవచ్చు. ఈ ఏడు ఇంకా కాస్త టైముంది. కానీ మళ్ళీ ఈ చుట్టుపక్కలే వెతుక్కుంటాయి. చోటుంటేనే కదా."

"సార్" అంది టేపు. "నేను వేలు పెట్టకపోతే మీరు వంపు కట్టేవారే కదా సార్. తప్పు నాది. వాటి చోటు ఎందుకు తీసేసుకోవడం?"

ఓనరు గారి చూపు జేసీబీ చక్రాల గుర్తుల మీద పడింది.

పిట్ట వచ్చింది. గునగున నడుచుకుంటూ, చదునైన ఇసుకలోకి వచ్చి ఆగింది. అటూ ఇటూ చూసింది. తర్వాత ఈకలు ఉబ్బించుకుని, మెల్లగా నేల మీద కూర్చుంది. దాని కింద ఏమీ లేదు. అయినా పొదుగుతున్నట్టే కూర్చుంది.

టేపు ఏడుపు నోట్లోనే ఆగిపోయింది. డ్రైవరు మావయ్య మొహం అటు తిప్పుకున్నాడు.

"మొదట మనం ఒప్పుకున్నది వంపే సార్" అన్నాడు నాన్న నెమ్మదిగా. "ఇక్కడ తవ్విన ఆ కాస్తా పూడ్చేసి, వంపు మటుకు నేనే చేత్తో తవ్వుతాను. మీ పని ఆలస్యం కానివ్వను."

ఓనరు గారు ఆ పిట్ట వైపే చూస్తూ చాలాసేపు గడ్డం నిమురుకున్నారు. "కానివ్వండి" అన్నారు. "లాన్‌దేముంది లెండి. నాలుగు కుర్చీలు తక్కువ పడతాయి, అంతేగా."

నాన్న దారం ఒక కొస గూటానికి కట్టి, రెండో కొస టేపు చేతికిచ్చాడు. టేపు దాన్ని పట్టుకుని పిట్టకి దూరంగా చుట్టు తిరిగి వచ్చి నిలబడింది. నాన్న రెండో గూటం పట్టుకుని పక్కకొచ్చాడు, కొట్టడానికి సుత్తి ఎత్తాడు కూడా.

"ఉండు నాన్నా" అంది టేపు. "అక్కా, ఇక్కడైతే చాలా?"

"ఇంకొంచెం లోపలికి."

ఒక అడుగు వెనక్కి వేసింది. పిట్ట తల తిప్పి ఇటే చూసింది, లేవలేదు. "ఇప్పుడు?"

"ఇంకా" అంది పిట్టలక్క.

టేపు ఇంకో అడుగు వెనక్కి వేసింది. ఇంకోటి వేసింది. దారం మొదటి వంపుని దాటి, లాన్‌లోకి బాగా లోపలికి వచ్చేసింది. నాన్న ఓనరు గారి వైపు చూశాడు. ఆయన కానివ్వమన్నట్టు చెయ్యి ఊపారు. ఖాళీ ఇసుకని పొదుగుతున్న ఆ పిట్ట మీంచి చూపు తిప్పకుండా, అక్క చాలు అనేదాకా టేపు అలా వెనక్కి నడుస్తూనే ఉంది.