యేసమ్మ కింది పళ్ళు

మెదక్‌లో చర్చి వెనక సందులో మా ఇల్లు. ముందు గదే కట్టుడు పళ్ళ దుకాణం. మా నాన్న జకరయ్య పెట్టింది. ఆయన పోయాక నేను నడుపుతున్నాను. నా పేరు ఎలిశిబా. గోడ అరల నిండా పేర్లు రాసి పెట్టిన సుద్ద అచ్చులు ఉంటాయి, అన్నీ ఊరివాళ్ళ బోసి చిగుళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు జడుసుకుంటారు గాని, నేను వాటి మధ్యే కూర్చుని అన్నం తింటాను.

ఇంట్లో నేనూ మా అమ్మ వజ్రమ్మా, అంతే. అమ్మ తప్ప నాకెవరూ లేరు. పళ్ళు చేసేవాళ్ళ ఇంట్లో ఉంటూ ఆమెకు ఒక్క పన్ను లేదు. చేసిస్తానంటే వద్దంటుంది. మక్కకంకి కాల్చుకుని, గింజలు ఒలిచి, రోట్లో దంచుకుని తింటుంది. ఆమె పంతం ముందు నా పనితనం ఏనాడూ గెలవలేదు.

నాన్నకు ఒక పట్టింపు ఉండేది. చేయించుకున్న పళ్ళు తీసుకోకముందే మనిషి పోతే, వాటిని తీసుకెళ్ళి శవపేటికలో తల పక్కన పెట్టి వచ్చేవాడు. గోరంత ముక్క కూడా ఇంకో పనికి వాడనిచ్చేవాడు కాదు. "ఒకరి నోరు కొలిచి చేసింది ఒకరికే బిడ్డా," అనేవాడు.

2011లో సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, బడులు లేవు, బొగ్గు లేక కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. అలాంటి ఒక పొద్దున మదన్ మోహన్ అన్న పేపర్లో చుట్టిన పొట్లం పట్టుకుని వచ్చాడు. ఆయనకు బస్టాండ్ దగ్గర వీడియో గేముల దుకాణం ఉంది. తొంభై మూడులో సికింద్రాబాద్‌లో ఏదో పాత క్లబ్బు సామాను అమ్ముతుంటే గుండు కొట్టి ఆడే పిన్‌బాల్ మిషన్ ఒకటి కొనుక్కొచ్చాడు. అద్దం కింద ప్లాస్టిక్ జాతర: బుల్లి దుకాణాలు, తోరణాలు, నడుమ పకపకా నవ్వే ఒక ఆడమనిషి ముఖం. ఇనుప గుండు ఆ నోట్లో పడితే ఆట గెలిచినట్టు. గుండు తగిలీ తగిలీ తోరణాలు విరిగాయి, ముఖానికి కింది దవడ మొత్తం ఊడిపోయింది.

పొట్లం విప్పాడు. విరిగిన తోరణాల పక్కన, కింది సగం లేని నవ్వు నా బల్ల మీద పడుకుంది.

"చెల్లె, జర దీని దవడ కట్టియ్యాలె. మెదక్ల నోర్లు బాగుజేసేది నువ్వే గద."

"బొమ్మలకు గూడ పళ్ళు గట్టమంటవా అన్నా?"

"బడులు బంద్ వెట్టిరి. పోరగాండ్లు రోడ్ల మీదనే తిరుగుతున్రు. దసరాకు మిషన్ చాలు జేద్దామని. పళ్ళు మంచిగ కనవడాలె సుమా!"

తోరణాలు ఒక్క పూటలో అతికించాను. దవడకే చిక్కొచ్చింది. చిగుళ్ళు పోసే గులాబి పొడి డబ్బాలో అడుగంటింది, హైదరాబాద్ నుంచి తెప్పించే దారి లేదు. అప్పుడు నా కళ్ళు పై అరలో ఉన్న డబ్బా మీద పడ్డాయి.

అది యేసమ్మది. శివ్వంపేట నుంచి వచ్చేది, డెబ్బై దాటిన మనిషి. "సచ్చేలోపల ఒక్క మక్కకంకి కొరికి తినాలె బిడ్డా, గంతే," అని పళ్ళు చేయించుకుంది. మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ నేను తల ఎత్తకుండా "రేపు రా అవ్వా" అన్నాను. పళ్ళు తయారయ్యే ఉన్నాయి, నున్నగా రుద్దడమే మిగిలింది. బద్ధకం. వచ్చినప్పుడల్లా ఆమె అరుగు మీద అమ్మతో కూర్చుని దంచిన మక్కలు తిని పోయేది. ఒకనాడు అమ్మ నవ్వుతూ అన్నది నాకు బాగా గుర్తు.

"నువ్వు ముందుగాల వోతే నీ పళ్ళు నా నోట్ల వెట్టుకుంట యేసమ్మా. నీ కంకి నేను దింట."

నాలుగోసారి రాలేదు. ఆమె పోయిందన్న కబురు వచ్చింది. ఏ ముఖం పెట్టుకుని ఆ పళ్ళు పట్టుకెళ్ళను? సిగ్గుపడి పోలేదు. డబ్బా పైకెక్కించాను. అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ డబ్బా దించి, కింది పళ్ళవరస తీసి, రంపంతో రెండు కొసలూ కోశాను. నడిమి ఆరు పళ్ళను చిగురుతో సహా బొమ్మ ముఖానికి దవడగా అతికించాను. అతికించే మందు ఘాటుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మందు వల్లేనని నాకు నేను చెప్పుకున్నాను.

సాయంత్రం ఆరున్నరకు మదనన్న దుకాణంలో ముఖం బిగించాం. నవ్వు ఎంత బాగా కుదిరిందంటే, నా పని చూసి నాకే మురిపెం కలిగింది. అద్దం జరిపి తాళం వేశాక చూస్తే గుండు ఆయన చేతిలోనే ఉంది! ఇద్దరం పడీపడీ నవ్వాం. ఇంతలో కరెంటు పోయింది.

ఫ్యాను ఆగిపోయింది. బయట రోడ్డు మీద ఒక్క బండి లేదు. పాత చెక్క వాసన, నూనె వాసన...

కర్... కర్... కర్...

మిషన్ లోపలి నుంచి. ఆగి, మళ్ళీ.

"మదనన్నా," గొంతు తగ్గించి అన్నాను, "గుండు ఏసినవా?"

"లేదు చెల్లె... నా చేతుల్నే ఉన్నది."

కర్... కర్... తాపీగా. నమిలినట్టు. మందు వాసన పోయింది. దాని చోట కాల్చిన మక్కల కమ్మటి వాసన వచ్చింది.

మదనన్న సెల్‌ఫోన్ లైటు వేశాడు. అద్దం మూసే ఉంది. తాళం వేసే ఉంది. ముఖానికి దవడ లేదు. విరిగిన గుర్తు లేదు, పడిన ముక్క లేదు.

ఆయన గుసగుసగా అడిగాడు.

"ఎవరియి వెట్టినవ్, చెల్లె?"

చెప్పాను.

"ఆమెయి ఆమెకియ్యక... ఇగ ఆమె ఏ నోట్ల వెట్టుకోవాలె?"

ఆ మాటతో నాకు అరుగు మీది అమ్మ వేళాకోళం గుర్తొచ్చింది. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. ఒక్క పన్ను లేని నోరు.

చెప్పులు వేసుకున్నానో లేదో తెలియదు. చీకట్లో సందులు పడి ఉరికాను. సందు మొగలోనే వినబడింది...

కర్... కర్... కర్...

అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన గంపలో హవేలిఘనపూర్ నుంచి పొరుగింటి బాలమణి తెచ్చిచ్చిన కంకులు. చేతిలో కాల్చిన కంకి. రోలు మూలన పొడిగా ఉంది.

"అమ్మా..."

నమలడం ఆపలేదు. నేను గడప దాటి, కందిలి వెలిగించి తెచ్చాను. చేతులు అమ్మవే. చీర అమ్మదే. కంకి సగం దాకా వరసలు వరసలుగా కొరికి ఉంది.

నన్ను చూసి నవ్వింది. పై చిగురు బోసిగా ఉంది. కింద మాత్రం పళ్ళు, ఈ కొస నుంచి ఆ కొస దాకా. నేను చేసినవే, నాకు తెలియదా? రంపం పెట్టిన గీత ఎక్కడా లేదు.

"పైయి ఎప్పుడిస్తవ్ బిడ్డా?"

అది అమ్మ గొంతు కాదు.

పై పళ్ళు లోపల డబ్బాలోనే ఉన్నాయి, పది అడుగుల దూరం. ఇచ్చేస్తే అమ్మను వదిలి పోతుందేమో. లేక నోరంతా తనదే చేసుకుంటుందేమో. ఏడుపొచ్చింది.

"ఇప్పుడే... ఇప్పుడే తెస్త అవ్వా. మా అమ్మను ఇడిశిపెట్టు. నీ కాళ్ళు మొక్కుత."

ఆమె నా వంక తల కూడా ఎత్తలేదు. కంకి అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకుంది.

"రేపు తే," అంది. "తొందరేమున్నది? నేనీడనే ఉంట."

గంపలోంచి ఇంకో కంకి అందుకుంది.