తవుడాస్త్రం

"అక్కా, బండికి ఊపిరాడట్లేదు!"

భీమడోలు రైల్వే గేటు నడుమ ఆగిపోయిన కారులోంచి ఏజెంట్ హెన్రీ ఫోన్లో అన్న చివరి మాట అది. ఏజెంట్ నిస్సీకి ఆపై వినిపించింది రైలు కూత.

ఇంజన్‌లోకి వచ్చే గాలిని కొలిచే సెన్సర్ చేత, దేశ రహస్యాలు అమ్ముకునే ఫణికిరణ్ అబద్ధం చెప్పించాడు. గాలి లేదని నమ్మిన ఇంజన్ ఇంధనం తగ్గించుకొని చచ్చింది.

నెల తిరగకముందే ఏలూరులో, బియ్యం కొట్టు వెనుక గదినే దేశరక్షణ కేంద్రంగా వెలిగిస్తున్న చీఫ్ హనుమంతరావు నిస్సీకి బ్రీఫింగ్ ఇచ్చాడు.

"సాయంత్రం కొల్లేరులో విదేశీ ముఠా బోటుకి ఫణికిరణ్ రాడార్ ప్లాన్ల మెమరీ కార్డు అందిస్తాడు. చుట్టూ జాలర్లుంటారు, తుపాకీ పేలకూడదు. మనిషి ప్రాణాలతో కావాలమ్మా."

"ప్రాణాలతోనే తెస్తానండి. ఊపిరి సంగతి నాకొదిలేయండి."

రెండు దేశాలను ఒకే చిరునవ్వుతో నమ్మించగల డబుల్ ఏజెంట్ భావన అప్పటికే ఫణికిరణ్ చెవిలో తేనె పోసింది: "గాలి ఫిల్టర్ తీయించండీ, బండి దూకుతుంది." తీయించాడు. దూకింది. అతని గర్వమూ దూకింది.

సాయంత్రం చేపల చెరువు గట్టు మీద ఆ కారుకు ముందు తాడేపల్లిగూడెం నుంచి తవుడు తెస్తున్న లారీ నింపాదిగా నడుస్తోంది.

"ఏవయ్యా డ్రైవరూ! సైడివ్వవేం?" ఫణికిరణ్ అరిచాడు.

తలపాగా చుట్టిన డ్రైవర్ నిస్సీ. లారీలోని ఏకైక రహస్య పరికరం ఒక తాడు. లాగింది. టార్పాలిన్ లేచింది. బంగారు రంగు తవుడు మేఘమై కారును కమ్మింది.

ఫిల్టర్ లేని ఇంజన్ ఆబగా పీల్చింది. సెన్సర్‌లోని సన్నని తీగకు తవుడు పూత పట్టింది; నిండుగా ఉన్న గాలిని లేదని చెప్పింది. కారు దగ్గి, కుదిపి, చచ్చింది. యాభై గజాల దూరంలో బోటు ఎదురుచూస్తోంది. ఫణికిరణ్ కిటికీ దించి, కార్డు విసరబోయాడు.

పక్క సీట్లోని భావన లిప్‌స్టిక్ పిస్తోలు అతని మెడకు ఆనింది. "తడిసిపోతుందండీ. ఇలా ఇవ్వండి."

బోటు వెనుదిరిగి పారిపోయింది.

తలపాగా విప్పి నిస్సీ కిటికీలోకి వంగింది. "ఏవండీ, బండికి ఊపిరాడట్లేదాండీ?"

"నువ్వు... హెన్రీకి..."

"అక్కనండి."

అతన్ని స్టీరింగుకు బేడీలతో బిగించి, భావనను దించి, ఒక బస్తా విప్పి కిటికీలోంచి లోపల కుమ్మరించింది. అతని దగ్గును ఒక రైలు వెళ్లిపోయేంత సేపు నిలబడి విన్నది. అప్పుడు తలుపు తెరిచింది.

ఆ రాత్రి చీఫ్ ఫోన్ చేశాడు. "రిపోర్టులో వాడిన ఆయుధం రాయాలమ్మా. ఏమని రాయను?"

"తవుడని రాయండి సార్."

చీఫ్ అలాగే రాసుకొని, ఫారంలో తరువాతి గడి చదివాడు.

"లైసెన్సు ఉందా?"