పంటి పొరల్లో లసుమవ్వ

"నోరు ఇంకొంచెం తెరువు అవ్వా," అంది డాక్టర్ తబస్సుం.

లసుమవ్వ తెరిచింది. పళ్ళు తళతళా మెరిశాయి. పొద్దున్నే బొగ్గుపొడి, ఉప్పు కలిపి గంటసేపు తోమింది మరి! ఆసుపత్రి వరండాలో కూర్చున్న బీడీ కార్ఖానా ఆడవాళ్ళందరి పళ్ళూ అలాగే మెరుస్తున్నాయి. పళ్ళు చూసే కొత్త మెషిన్ తంబాకు మరకలు పట్టేస్తుందని ఎవరో చెప్పారు.

2041లో ఒక రూలు వచ్చింది. రోగంలో సగానికి మించి స్వయంకృతమైతే ఉచిత ఆపరేషన్ లేదు, పేదకైనా, ఉద్యోగికైనా. లసుమవ్వ గుండె వాల్వు మూసుకుపోతోంది. ఆపరేషన్ కాకపోతే వచ్చే వానాకాలం చూడదన్నారు.

"తంబాకు మానమంటే మానరు. తర్వాత గుండె పట్టుకుని మా మీదకొస్తారు," అన్నాడు సూపరింటెండెంట్ వామనరావు, బొజ్జ మీద చేతులు కట్టుకుని. మెషిన్ తెప్పించింది ఆయనే.

అయితే ఆ మెషిన్, డెంటోస్కోపు, మరకలు చూడదు. పంటి వేరు మీద ఏడాదికో పొర పడుతుంది. కడుపు నిండిన ఏడు మందంగా, మాడిన ఏడు పల్చగా. ఆ పొరల్ని చదివి, రోగంలో లేమి వాటా ఎంతో, స్వయంకృతం ఎంతో అది లెక్కగడుతుంది.

స్క్రీన్ మీద అన్నీ పల్చటి గీతలే. ఒక్కటి మాత్రం మందంగా ఉంది.

"తొమ్మిదో ఏట ఏమైందవ్వా?"

"హాస్టల్ల ఉన్న బిడ్డా. రోజుకో గుడ్డు పెట్టేటోళ్ళు. తర్వాత మా నాయిన బీడీలు చెయ్యనీకి తోల్కపోయిండు. ఒక్క అర్రల తొమ్మిదిమందిమి. గొంతునొప్పి పోయేది, మళ్ళొచ్చేది. దవాఖానకు ఎవరు తీస్కపోతరు?"

"మందు పడని ఆ గొంతునొప్పే గుండెకు పాకి నీ వాల్వును తినేసింది. తంబాకు కాదు."

స్క్రీన్ మీద లెక్క పడింది. స్వయంకృతం: ఆరు శాతం.

"ఆరంటే పాసా, ఫెయిలా?"

"పాసే అవ్వా! ఎల్లుండి ఆపరేషన్."

లసుమవ్వ కుర్చీ దిగింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఇన్నేండ్ల సంది నా పానం నేనే కరాబు చేసుకున్న అనుకుంటున్న గదనే తల్లీ!"

"మెషిన్ తప్పు!" వామనరావు కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు. "నాది చూడండి, తేలిపోతుంది."

తేలింది. చిన్నప్పటి నుంచి ప్రతి పొరా నేతిగారెలా మందమే. వచ్చేవారం ఆయన గుండెకూ స్టెంట్ వేయాలి. స్వయంకృతం: ఎనభై ఎనిమిది శాతం.

లసుమవ్వ కొంగుముడి విప్పి, మిగిలిన బొగ్గుపొడి పొట్లం ఆయన ముందు పెట్టింది.

"జర గట్టిగ తోమి మళ్ల చూపిచ్చుకోండ్రి సారూ."