దానికి చేరిందేమిటి

“మీ ఎడిటర్‌కి నా మీద పగా?” అంది ఆమె, తన కప్పు అట్టపెట్టెలో పెట్టుకుంటూ.

కోడ్ రాసుకునే ఎడిటర్ తెరిచిన నా స్క్రీన్ నిండా తప్పులు చూపే ఎర్రగీతలే. కోడ్ ఆమెది. అదే కోడ్‌కి ఆమె సిస్టమ్‌లో ఒక్క గీతా లేదు. సాయంత్రానికి నా పక్కనున్న ఆమె సీటు హాలు అవతలి వరసకు మారిపోతుంది. ఈలోగా సంగతి తేల్చమని టీమ్ లీడ్ ఇద్దరినీ నా టేబుల్ దగ్గర కూర్చోబెట్టాడు.

సీటు మార్చమని లీడ్‌ని అడిగింది నేనే. ఏసీ గాలి తిన్నగా ఆమె నెత్తిన పడుతోంది, రోజంతా దగ్గుతోంది. కానీ అప్పట్నుంచి ఆమె నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. మంచి చేస్తే కోపమా? అసలది కోపమేనా? ఆ మౌనానికి నేను ఊహించుకున్న కారణాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నాయి.

“తనిఖీ మరీ కఠినంగా వద్దని సెట్టింగ్ రాశాను. ఇదిగో,” అన్నాను.

“రాశారు సరే. చేరిందా?”

“ఫైల్లో ఉందిగా.”

“సందేహాలరావు గారికి ఇక్కడ మాత్రం సందేహం రాలేదు.” ఆఫీసులో నాకున్న పేరది.

కోడ్ చదివి తప్పులు పట్టేది ఎడిటర్ వెనక నడిచే లాంగ్వేజ్ సర్వర్. అది ఏ సెట్టింగులు తీసుకుందో, దాని పనులన్నీ నమోదయ్యే లాగ్ తెరిచి ఆమె చూపించింది. తనిఖీ: కఠినం. నేను రాసిన మాట అక్కడ లేనే లేదు. రాయవలసిన విభాగంలో కాక పక్కదానిలో రాశాను.

“అర్థం కాకపోతే సర్వర్ అడగొచ్చుగా?” అన్నాను.

“అడగదు. మన మాట అందకపోతే తన దగ్గర ముందే ఉన్న డిఫాల్టే నిజమనుకుంటుంది.”

సరిచేసి సర్వర్ మళ్లీ మొదలుపెట్టాను. గీతలన్నీ పోయాయి. నాకెందుకో అది నచ్చలేదు. ఆమె పెట్టె ఎత్తుకుంది.

“ఆగండి. మీ సీటు గురించి లీడ్ ఏమన్నారు?”

“మార్చమని మీరే అడిగారన్నారు.”

“ఎందుకో చెప్పలేదా?”

“చెప్పాలా? నా దగ్గు మీకు చిరాకు.”

“ఏసీ కింద మీరు దగ్గుతుంటే నాకు గొంతు నొప్పి పుడుతోంది. అందుకని అడిగాను.”

ఆమె పెట్టె కిందపెట్టింది. “నన్నే అడగొచ్చుగా?”

“మీరు వెళ్తానన్నా భయమే, వెళ్లనన్నా భయమే.”

“వెళ్లనంటే భయమెందుకు?”

“అప్పుడు మీరంటే ఇష్టమని చెప్పాల్సొస్తుంది.”

అనేశాక, అన్నది నేనేనా అని అనుమానం వచ్చింది. ఆమె చిన్నగా దగ్గింది.

“చేరింది,” అంది. “మీ కుర్చీకి గాలి తగలదుగా. లేవండి.”

లేచాను. ఆమె పెట్టెలోంచి కప్పు తీసి నా టేబుల్ మీద పెట్టింది. నా సామానుతో పక్కనున్న ఆమె సీటులోకి మారాను.

లీడ్ అటుగా వచ్చి ఆగాడు. “ఏంటి తమ్ముడూ, మారాల్సింది ఆ అమ్మాయి కదా?”

“నాకూ అర్థం కావట్లేదన్నా.”

ఆమె తలెత్తలేదు. నవ్వుతోందని భుజాలు చెప్పాయి. ఏసీ గాలి నెత్తిన పడుతోంది. చలిగా ఉందో లేదో ఎంతకీ తేల్చుకోలేకపోయాను.