దిండు లేని నిద్ర

దూది ఏకే మిషను ముందు కూర్చుంటే హుస్సేన్ సాహెబ్‌కు లోకం కనపడదు. ఆ ఆదివారం పొద్దున కూడా అంతే. బుచ్చిరెడ్డిపాలెంలో ఎవరింట్లోనో పదేళ్లు నలిగిన పరుపు విప్పి, పాత దూదినంతా మిషనుకు పెట్టాడు. ముందుగది నిండా తెల్లటి నూగు లేచింది.

ఆ గదికి ఉన్న ఒక్క కిటికీకీ మేకులు కొట్టేసి ఉన్నాయి. దూది తమ ఇంట్లోకి ఎగిరివస్తోందని ఎదురింటివాళ్లు పంచాయితీ పెట్టినప్పుడు కొట్టిన మేకులవి. బజారులో కొట్టు అద్దెకు అడిగితే, పేరు వినగానే ఇద్దరు యజమానులు నసిగి పంపేశారు. ఇక చేసేదేముంది? ఇల్లే కొట్టయింది. మూలనున్న దూది బస్తాల మీద పదేళ్ల కూతురు షాహిస్తా పడుకుని ఉంది. ఇంట్లో అంతకంటే మెత్తటి చోటు లేదని అక్కడ పడుకోబెట్టింది ఆయనే.

"ఏందయ్యా, పిల్ల మళ్లీ దగ్గతా ఉండాది. ఆ మిషను ఆపరాదా?" వంటింట్లోంచి భార్య ఆమినాబీ కేకేసింది.

"మధ్యాహ్నానికి రెండు పరుపులు ఇయ్యాల. దగ్గు మనకు కొత్తా? మా నాయనకుండె, మా తాతకుండె. దూదేకులోళ్ల రక్తంలోనే ఉండాది ఆయాసం."

అన్నాడేగానీ లోపల గుబులుగానే ఉంది. ఆయాసమొచ్చినప్పుడు నోట్లో పెట్టి పీల్చమని ఆస్పత్రిలో ఇచ్చిన మందు పంపును మొన్న ఆయనే పెట్టెలో పెట్టి తాళం వేశాడు. దానికి అలవాటు పడితే పిల్ల జన్మంతా వదల్లేదని టీకొట్టు దగ్గర ఎవరో అన్నారు. పెళ్లాంతో ఒక్క మాటైనా చెప్పకుండా దాచేశాడు. పిల్లకు మేలు చేస్తున్నాననుకున్నాడు, పిచ్చి మారాజు!

పది గంటలకు నర్సు వనజాక్షి వచ్చింది. ఆయాసమున్న పిల్లల పేర్లు ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటోంది.

"మీ వీధిలో ఇరవై ఇళ్లకు తొమ్మిదిమంది పిల్లలన్నా. కాలవ అవతల అన్నే ఇళ్లకు ఒక్కరు. ఎందుకంటావు?"

"మా రక్తం అట్టాంటిదమ్మా."

"కోట ఊళ్లో ఉండే మీ తమ్ముడు తహీర్‌ది ఏ రక్తం? వాళ్ల పిల్లలకుండాదా?"

"వాళ్లకేం! వాడు ఈ పని మానేసి ఎన్నేళ్లాయె. వాళ్ల పిల్లలు రొయ్యల గుంటల కాడ గుర్రాల మాదిరి..." అంటూనే హుస్సేన్ సాహెబ్ ఆగిపోయాడు.

వనజాక్షి కిటికీ చెక్కమీద వేలితో గీసింది. వేలికి తెల్లటి పొర అంటుకుంది. "పక్కన రైస్‌మిల్లు ఊక బూడిద. ఇంట్లో ఈ నూగు. గాలి పోయే దారి లేదు. ఇంతా చేసి మీరు ఆస్పత్రికొచ్చేది ఊపిరాడనప్పుడే. మధ్యలో రక్తం ఏం చేసిందన్నా, పాపం?"

ఆయన నోరు తెరిచేలోపు షాహిస్తా లేచి కూర్చుంది. భుజాలు ఎగిసిపడుతున్నాయి. ఏదో చెప్పబోయింది, మాట రాలేదు.

ఆమినాబీ పరిగెత్తుకొచ్చి గూట్లో చెయ్యి పెట్టింది. గూడు ఖాళీ. "అయ్యో అల్లా! పంపేదీ? ఈడే పెట్టినా గదా!"

హుస్సేన్ సాహెబ్ మొలతాడుకున్న తాళంచెవి లాగాడు. కంగారులో అది కిందపడింది. దూదిలో వెతుక్కుని, పెట్టె తెరిచి పంపు తెచ్చేసరికి పిల్ల పెదాలు నల్లబడ్డాయి. వనజాక్షి పంపు లాక్కుని పిల్ల నోటికి పెట్టింది. ఒకసారి. ఆగి మళ్లీ. కాసేపటికి పిల్ల ఊపిరి నెమ్మదించింది.

"నువ్వా దాచింది?" ఆమినాబీ మొగుడి వైపు తిరిగింది. "బిడ్డ ఊపిరి పెట్టెలో పెట్టి తాళమేసినావా? నీకు చేతులెట్టా వచ్చినాయయ్యా?"

ఆయన గడపమీద కూలబడి ఏడ్చాడు. తనకూ పదేళ్లప్పుడు నాయన పక్కనే కూర్చుని దూది అందించేవాడు. నాయన పడుకోలేక, కూర్చుని కూర్చునే పోయాడు. రక్తదోషమని చెప్పుకుని మట్టి చేసి వచ్చారు. అంతేగానీ ఒక్కరూ గదిలో లేచే ఆ నూగు వైపు చూడలేదు.

"రేపు పిల్లను తప్పకుండా పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకురాన్నా," అని వనజాక్షి వెళ్లింది. పరుపుల వాళ్లకు ఆలస్యమవుతుందని ఫోన్ చేసి, ఆయన మిషనును పెరట్లో రేకుల కిందికి ఈడ్చుకెళ్లాడు. బస్తాలు మోశాడు. భార్య పిల్లను పక్కింట్లో కూర్చోబెట్టి వచ్చి, గదినంతా తడిగుడ్డతో తుడిచింది. మొగుడితో మాట్లాడలేదుగానీ, మేకులు పీకడానికి సుత్తి తెచ్చిచ్చింది.

మధ్యాహ్నం కిటికీ పక్కన ఉతికిన చాప పరిచారు. షాహిస్తా అటూ ఇటూ దొర్లింది.

"నాయనా, తల కింద దిండు లేదే."

ఊరందరికీ దిండ్లు కుట్టే మనిషి బిడ్డ పక్కన పడుకుని చెయ్యి చాపాడు. "నన్ను క్షమించమ్మా," అన్నాడు. ఆ పిల్ల చేతిమీంచి జరిగి ఆయన ఛాతీమీద చెవి ఆనించింది.

"నాయనా, నీ లోపల కూడా పిల్లి కూస్తా ఉండాది."

ఆయన ఊపిరి బిగబట్టాడు.

"రేపు నువ్వు కూడా చూపించుకో. భయపడబాక, పంపు చేదుగా ఏం ఉండదు."

"చూపించుకుంటాలేమ్మా," అన్నాడు హుస్సేన్ సాహెబ్. గుమ్మంలో నిలబడ్డ ఆమినాబీ కొంగుతో కళ్లు తుడుచుకుని, వచ్చి ఆయన పక్కనే కూర్చుంది.