ఊపిరి చెప్పిన సాక్ష్యం

అక్క ఊపిరి ఆగిపోయింది.

ఇంజెక్షన్ ఇచ్చి ఎంతోసేపు కాలేదు. పెదాలు నీలంగా మారుతున్నాయి. ఛాతీ కదలడం లేదు.

"ఏమిచ్చావ్?" యూనిఫాంలోనే వచ్చిన చెల్లెలు, ఎస్సై, నర్సు భుజం పట్టుకుంటుంది.

"చార్టులో సార్ రాసిందే మేడమ్... మీరేగా ఇమ్మన్నారు..."

నిజమే. ఇమ్మన్నది తనే.

వెన్నెముకలో క్యాన్సర్. నొప్పి తట్టుకోలేక అక్క దిండు కొరుక్కుంది. రోజూ తన చేత్తో సూది వేసే బావ ఈ ఆస్పత్రిలోనే మత్తు డాక్టర్. ఇవాళ ఆపరేషన్‌లో ఇరుక్కుపోయాడు. చూస్తూ ఊరుకోలేక, వార్డు స్టాకులోంచి తీసి ఇవ్వమని నర్సును కసిరింది ఎస్సై.

డ్యూటీ డాక్టరమ్మ పరుగున వస్తుంది. మాస్కు బిగించి గాలి కొడుతుంది.

"విరుగుడు తీయండి. త్వరగా!"

రెండో సూది.

ఒక క్షణం... ఇంకో క్షణం...

అక్క గుండెలు ఎగసిపడతాయి. గాలి పీల్చి, మూలుగుతుంది.

ఎస్సై గోడకి జారగిలబడుతుంది.

డాక్టరమ్మ మాత్రం చార్టు వదలడం లేదు.

"ఈ మందు ఎన్నాళ్లుగా ఇస్తున్నారు?"

"నెల పైనే. మందు అలవాటైపోయిందని బావ పెంచుతూ వచ్చాడు."

ఎంత ఓపిగ్గా చెప్పాడో. 'మెదడులో రిసెప్టర్లని ఉంటాయి చిట్టీ. మందు వెళ్లి వాటిలో కూర్చుంటే నొప్పి కబురు అణిగిపోతుంది. రోజూ అదే మందు పడితే అవి మొద్దుబారతాయి. అందుకే మీ అక్కకి ఎంతిచ్చినా చాలట్లేదు.'

అమ్మానాన్న పోయాక తనను చదివించిన మనిషి. ఎందుకు నమ్మదు?

"ఆయన చెప్పింది తప్పేం కాదు." డాక్టరమ్మ గొంతు తగ్గిస్తుంది. "కానీ అలా మొద్దుబారిన ఒళ్లయితే ఊపిరి కూడా మందుకు చాలావరకు అలవాటు పడాలి. నెలరోజులుగా పెంచుతూ ఇచ్చి ఉంటే ఇవాళ ఇలా కుప్పకూలదు. ఈ ఒంటికి ఈ మందు కొత్త."

"కొత్తంటే?"

"ఇన్నాళ్లూ ఈమెకి పడింది మందు కాదనిపిస్తోంది."

ఎస్సై చార్టు లాక్కుని డోసు అంకెలు చూస్తుంది.

ఊళ్లో దొంగచాటుగా అమ్ముడవుతున్న నొప్పి ఇంజెక్షన్ల కేసు ఎస్సైదే. ఎక్కడ రెయిడ్ చేసినా ముందే ఖాళీ. రెయిడ్ సంగతి ప్రతిసారీ ముందురోజు ఈ ఆస్పత్రి క్యాంటీన్‌లో అన్నం తింటూ చెప్పుకున్నది ఒక్కడికే...

బావకి!

డోసు పెరిగిన కొద్దీ స్టోరు నుంచి వచ్చే సీసాలు పెరిగాయి. అక్క పేరు మీద. అక్క కేకల మీద.

తలుపు దగ్గర అలికిడి.

ఆకుపచ్చ గౌనులో బావ. చేతిలో తోలు బ్యాగు. విరుగుడు సీసా చూస్తాడు. మరదలి కళ్లు చూస్తాడు.

"చిట్టీ, నేను చెప్పేది..."

వెనక్కి తిరిగి పరుగు.

కారిడార్. అడ్డంగా స్ట్రెచర్. తోసేసి దూకుతుంది ఎస్సై. వెనక మెట్లు. కింద అతని బూట్ల చప్పుడు.

తుపాకీ మీదకి పోయిన చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. బావ మీద... ఎలా?

తడి మెట్టు. అతని కాలు జారుతుంది. ఎముక విరిగిన చప్పుడు పై అంతస్తుదాకా వినిపిస్తుంది.

మలుపులో పడి గిలగిల్లాడుతున్నాడు. మోకాలి కింద కాలు పక్కకు తిరిగిపోయింది.

"ఇంజెక్షన్... ఓర్చుకోలేను చిట్టీ..."

వెనకే వచ్చిన నర్సు అతని బ్యాగు తెరుస్తుంది. అక్క పేరు అంటించిన సీసా చేతికి తగులుతుంది. సిరంజిలోకి లాగుతుంది.

"అది వద్దు!" బావ ఆమె చెయ్యి తోసేస్తాడు. "అది ఉత్త నీళ్లు. అడుగున ఉన్నవి తియ్యి... అవే అసలువి."

నర్సు చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది.

తను ఏమన్నాడో అతనికి అప్పుడు తెలుస్తుంది.

ఎస్సై మెట్టు మీద కూర్చుంటుంది. బేడీ ఒకవైపు అతని చేతికి, రెండోవైపు రెయిలింగుకి బిగిస్తుంది.

"డాక్టరమ్మని పిలిచి, అసలుదే ఇప్పించు," అంటుంది నర్సుతో.

తర్వాత అతని వైపు తిరుగుతుంది.

"రోజూ అక్క తల నిమిరి మరీ ఇచ్చావు కదా బావా... నీళ్లు."