జపాన్ వ్యానులో వియత్నాం పెట్టె

"నువ్వు బాలికి వెళ్ళు. నువ్వు నేపాల్‌కి. ఏయ్, నిన్నే! తోసుకోకుండా క్యూలో నిలబడు!"

పిచ్చుక పెట్టెలను గదమాయిస్తోంది. పిచ్చుక దాని అసలు పేరు కాదు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా నోరు మూయదని వాళ్ళమ్మ పెట్టిన పేరు. బళ్ళో పంతులమ్మ కూడా ఒకటి రెండుసార్లు ఆ పేరుతోనే పిలిచింది.

వాళ్ళమ్మది చిన్న ట్రావెల్ ఆఫీసు. ముందు గదిలో ఒక బల్ల, కుర్చీలు, గోడల నిండా పోస్టర్లు. ఒకదానిలో మంచు టోపీ పెట్టుకున్న జపాన్ కొండ. ఇంకోదానిలో సముద్రం మధ్యలో లేచి నిలబడ్డ వియత్నాం రాతి కొండలు. ఫ్యాను వేస్తే శ్రీలంక టీ తోటల పోస్టరు టపటపా కొట్టుకుంటుంది. వెనక గది నిండా పెట్టెలు. ప్రయాణం రోజు ఎవరి పెట్టె వాళ్ళు పొద్దున్నే తెచ్చి అక్కడ పెట్టి వెళ్తారు. వ్యాను బయలుదేరే వేళకు చేతులూపుకుంటూ వస్తారు.

ఎండాకాలం వస్తే ఆఫీసులో ఊపిరాడదు. "ఎక్కడికైనా చల్లగా ఉండే చోటికి పంపండి తల్లీ" అని ఒకరు, "పిల్లలు సముద్రం అంటున్నారు, మా ఆవిడ కొండలు అంటోంది" అని ఒకరు. అమ్మ ఒక చెవి దగ్గర ఫోను పెట్టుకుని, రెండో చెవితో వాళ్ళ మాటలు వింటుంది. నాన్న ఒక గుంపును తీసుకుని శ్రీలంక వెళ్ళాడు. ఇక్కడ వ్యాను నడిపేది, పెట్టెలు చూసేది బాబాయి.

పెట్టెలకు ఒక పద్ధతి ఉంది. ఒక్కో ఊరి గుంపుకు ఒక్కో రంగు రిబ్బన్. ఈ రోజు జపాన్ వెళ్ళేవాళ్ళకు ఎరుపు, వియత్నాం వెళ్ళేవాళ్ళకు ఆకుపచ్చ. పెట్టె రాగానే బాబాయి ఎవరిదో అడిగి, పిడికి రిబ్బన్ ముడి వేస్తాడు. ఇక ఆ తర్వాత ఎవరూ పేర్లు చూడరు. వ్యానులోకి ఎక్కించేటప్పుడు రంగు చూస్తాడు, అంతే.

"అన్నిటితో ఆడుకో. రిబ్బన్ల జోలికి మాత్రం వెళ్ళకు" అని అమ్మ వంద సార్లు చెప్పింది. పిచ్చుక వంద సార్లూ తల ఊపింది.

కానీ ఎయిర్‌పోర్టు ఆఫీసరు ఆట ఆడుతున్నప్పుడు ఊళ్ళు మార్చకపోతే ఆఫీసరు అయి ఏం లాభం? పిచ్చుక రెండు ఎర్ర రిబ్బన్లు విప్పింది. రెండు ఆకుపచ్చవి విప్పింది. ఇటువి అటు, అటువి ఇటు కట్టింది.

"మీ ప్రయాణం మారింది సార్. వియత్నాంలో వాన పడుతోంది. జపాన్ వెళ్ళండి" అని ఒక నల్ల పెట్టెకు సర్దిచెప్పింది.

అప్పుడే బయట హారన్ మోగింది. బాబాయి వచ్చేశాడు.

పిచ్చుక గబగబా ముడులు విప్పింది. కాఫీ రంగు పెట్టెకు ఎరుపు. బూడిద రంగు దానికి ఆకుపచ్చ. అవి గుర్తున్నాయి, గుర్తున్నాయనే అనుకుంది. మిగిలినవి రెండూ నల్ల పెట్టెలు. రెండిటికీ చక్రాలున్నాయి. రెండూ ఒకే ఎత్తు. దేనికి ఎరుపు? దేనికి ఆకుపచ్చ? బాబాయి చెప్పుల చప్పుడు దగ్గరికి వస్తోంది. చేతికి ముందు దొరికినదానికి ఎరుపు కట్టేసి, పిచ్చుక తలుపు చాటుకు జరిగింది.

బాబాయి ఈల వేసుకుంటూ ఎర్ర రిబ్బన్లు లెక్కపెట్టాడు. లెక్క సరిపోయింది. సరిపోక ఏం చేస్తుంది! రిబ్బన్లు ఎన్ని ఉండాలో అన్నీ ఉన్నాయి, పెట్టెలే అటూ ఇటూ అయ్యాయేమో.

నల్ల పెట్టెను బాబాయి భుజానికి ఎత్తుకున్నాడు. దాని పిడికి చుట్టిన పూల గుడ్డ పిచ్చుక కంటబడింది. పొద్దున దాని మీద ఉన్నది ఆకుపచ్చ రిబ్బన్ కాదూ? చెప్పేద్దామా? చెబితే బాబాయి అన్నీ దించాలి. అమ్మకు తెలుస్తుంది. జపాన్ వాళ్ళు అప్పటికే వచ్చి వ్యానులో కిటికీ పక్క సీట్ల కోసం పోట్లాడుకుంటున్నారు.

"ఏంటే పిచ్చుకా, ఈ రోజు కూత లేదు?" అన్నాడు బాబాయి.

పిచ్చుక ఏం లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. బాబాయి దాని జుట్టు చెరిపి, వ్యాను ఎక్కి వెళ్ళిపోయాడు.

సరిగ్గానే కట్టి ఉంటానులే అనుకుంది పిచ్చుక. పదిసార్లు అనుకుంది. అయినా కళ్ళు వ్యాను వెళ్ళిన దారివైపే ఉన్నాయి.

కాసేపటికి కుట్టు మిషన్ తాతగారు, మామ్మగారు వచ్చారు. తాతగారు టైలరు. పిచ్చుక బడి బట్టలు ఆయనే కుడతారు. ఇద్దరూ విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. వియత్నాం వ్యాను మధ్యాహ్నం కదా, అయినా కంగారుకొద్దీ ముందే వచ్చి కూర్చున్నారు.

"వెళ్ళేది మధ్యాహ్నమైతే ఈవిడ తెల్లవారకముందే చెప్పులు వేసుకుని కూర్చుందమ్మా" అన్నారు తాతగారు.

మామ్మగారు నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. ఎండలో నడిచి వచ్చిందేమో, మెడ దగ్గర గుంట పడేలా ఊపిరి లాగుతోంది. లాగినప్పుడల్లా గొంతులో సన్నగా ఈల లాంటి చప్పుడు వస్తోంది.

"పంపు" అంది చేయి చాపి. నోట్లోకి మందు కొట్టుకునే పంపు అది. ఉబ్బసం ఉన్నవాళ్ళు వాడతారు.

తాతగారు జేబులు తడుముకున్నారు. ఆయన ముఖం పాలిపోయింది. "పెట్టె పక్క జేబులో పెట్టాను. అమ్మాయ్, మా పెట్టె ఇలా ఇప్పించు తల్లీ. నల్లది. పిడికి పూల గుడ్డ చుట్టి కుట్టాను."

బాబాయి భుజం మీద ఎక్కి వెళ్ళింది ఆ పూల గుడ్డ పెట్టే!

అమ్మ వెనక గదిలోకి పరుగెత్తింది. ఆకుపచ్చ రిబ్బన్ పెట్టెలు ఒక్కొక్కటే పక్కకు లాగుతోంది. "నల్లది... ఇది కాదు... ఇక్కడే ఉంటుంది సార్, ఒక్క నిమిషం!" అని లోపల్నుంచి కేకేసింది. ముందు గదిలో మామ్మగారు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. తాతగారు పక్కన కూర్చుని వీపు రాస్తున్నారు.

అమ్మ బాబాయికి ఫోను చేసింది.

"టైలరుగారి పెట్టె ఏం చేశావు? నల్లది, పూల గుడ్డది... రంగు చూసే ఎక్కించావా? చూస్తే ఎలా పోతుంది? నీ ధ్యాసంతా ఎక్కడుంటుందసలు? అయితే ఇక్కడే ఉండాలి, మళ్ళీ వెతుకుతాను!"

ఫోను బల్ల మీద పడేసి మళ్ళీ లోపలికి వెళ్ళింది. మళ్ళీ అవే పెట్టెలు.

పిచ్చుక గోడకు అతుక్కుపోయింది. చెబితే అమ్మ ఏమంటుందో! ఇంకెప్పుడూ ఆఫీసులోకి రానివ్వదేమో. తాతగారు ఇక పలకరించరేమో. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. బాబాయే తప్పు కట్టాడనుకుంటారు.

మామ్మగారి కళ్ళు గదంతా తిరిగి పిచ్చుక మీద ఆగాయి. ఆ కళ్ళలో భయం. పెద్దవాళ్ళు అంత భయపడతారని పిచ్చుకకు తెలియదు. అక్కడ లేని పెట్టె కోసం అమ్మ వెతుకుతోంది. అది ఎంత వెతికినా దొరకదు.

పిచ్చుక వెనక గదిలోకి పరుగెత్తింది.

"అమ్మా, వెతక్కు! అది ఇక్కడ లేదు. జపాన్ వ్యానులో ఉంది. నేనే... నేనే రిబ్బన్ మార్చాను."

అమ్మ చేతిలోని పెట్టె అలాగే వదిలేసింది. ఒక్క క్షణం పిచ్చుక ముఖంలోకి చూసింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"మందుల షాపుకి పరుగెత్తు. ఉబ్బసం పంపు కావాలని, మామ్మగారికి ఊపిరాడటం లేదని చెప్పు. ఆయన్ని వెంటబెట్టుకుని రా. వెళ్ళు!"

మందుల షాపు రెండు గుమ్మాల అవతలే. పిచ్చుక చెప్పులు కూడా వేసుకోలేదు. షాపు అంకుల్ సగం మాట విని పంపు తీసుకుని దానికంటే ముందే వచ్చేశాడు. "ఏ రంగుది వాడతారు? నీలమేనా?" అని అడిగితే తాతగారు తల ఊపారు. మామ్మగారు పంపు నోట్లో పెట్టుకుని మందు పీల్చింది. ఆగి, మళ్ళీ పీల్చింది. కొంతసేపటికి ఈల చప్పుడు తగ్గింది. భుజాలు కిందికి దిగాయి.

"హమ్మయ్య" అంది చిన్నగా. "నా ప్రాణం లేచొచ్చింది."

తాతగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పిచ్చుక ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది. "తాతగారూ, మీ పెట్టె నా వల్లే పోయింది" అంది. అంతవరకే అనగలిగింది, ఏడుపు తన్నుకొచ్చింది.

తాతగారు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. కోపం వచ్చినట్టే ఉంది. తర్వాత, "పంపు జేబులో పెట్టుకోకపోవడం నా తప్పు. మిగతాది నీ తప్పు. వెళ్ళి పెట్టె తీసుకురా" అన్నారు.

అమ్మ బాబాయికి మళ్ళీ ఫోను చేసింది. వ్యాను ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర ఆగింది. ఇక్కడ మిగిలిపోయిన నల్ల పెట్టె జపాన్ వాళ్ళదన్నమాట. షాపు అంకుల్‌ని కాసేపు మామ్మగారి దగ్గర ఉండమని, అమ్మ ఆ పెట్టెను స్కూటర్ ముందు పెట్టుకుంది. పిచ్చుక వెనక ఎక్కింది.

దారిలో పిచ్చుకకు ఇంకో భయం పట్టుకుంది. కాఫీ రంగు పెట్టె. బూడిద రంగు పెట్టె. వాటి రిబ్బన్లు కూడా మార్చింది కదా. వెనక్కి సరిగ్గానే కట్టిందా? కాఫీకి ఎరుపు... కాఫీకేనా? పొద్దున ఎంత నమ్మకంగా అనిపించిందో, ఇప్పుడు అంత గందరగోళంగా ఉంది.

బంకు దగ్గర జపాన్ వాళ్ళందరూ వ్యాను దిగి నీడలో నిలబడ్డారు. చేతి గడియారాలు చూసుకుంటున్నారు. "ఇదేం నిర్వాకమండీ? విమానం మన కోసం ఆగుతుందా?" అని ఒకాయన గడియారం చూపిస్తూ అమ్మను నిలదీశాడు. "నా మరిది తప్పు కాదండీ, మా వల్ల జరిగింది. క్షమించండి" అంది అమ్మ. బాబాయి పెట్టెలు మార్చాడు. పూల గుడ్డ పెట్టె స్కూటర్ మీదికి వచ్చింది. అందరూ మళ్ళీ వ్యాను ఎక్కారు. తలుపు మూసుకుంది. ఇంజను మొదలైంది.

అయిపోయింది. ఇక ఎవరూ ఏమీ అడగరు. కాఫీ రంగు పెట్టె సంగతి ఎవరికీ తెలియదు. అది సరైనదే అయి ఉండొచ్చు కూడా. ఇప్పుడు నోరు విప్పితే వాళ్ళంతా మళ్ళీ దిగాలి. ఆ గడియారం ఆయన ఏమంటాడో!

వ్యాను కదిలింది.

"బాబాయ్! ఆపు!"

పిచ్చుక వ్యాను వెంట పరుగెత్తి పక్కన అరచేత్తో దబదబా బాదింది. వ్యాను ఆగింది. కిటికీల్లోంచి తలలన్నీ బయటికి వచ్చాయి.

"మళ్ళీ ఏమైందమ్మా?" అన్నాడు గడియారం ఆయన.

పిచ్చుక గొంతు పీలగా వచ్చింది. "పొద్దున నేను ఇంకో రెండు పెట్టెలకు కూడా రిబ్బన్లు మార్చాను. ఒకటి మీ వ్యానులో ఉంది, కాఫీ రంగుది. వెనక్కి సరిగ్గా కట్టాననే అనుకుంటున్నాను. కానీ నాకు గట్టిగా తెలియదు. మీ పెట్టెలు మీరు ఒకసారి చూసుకోండి."

ఎవరో "ఓరి నాయనో!" అన్నారు. ఒకావిడ నెత్తి కొట్టుకుంది. పిచ్చుక తల వంచుకుంది, కానీ అక్కడి నుంచి కదల్లేదు. అమ్మ వచ్చి దాని పక్కన నిలబడింది. భుజం మీద చేయి వేసింది.

బాబాయి దిగి వెనక తలుపు తీశాడు. పెట్టెలన్నీ మళ్ళీ కిందికి వచ్చాయి. ఒక్కొక్కరే సణుక్కుంటూ వచ్చి తమది చూసుకున్నారు. "కాఫీ రంగు ఎవరిది?" అని అడిగాడు బాబాయి.

"నాదే" అంది నెత్తి కొట్టుకున్నావిడ. తాళం తీసి లోపల చూసింది. "నా చీరలే. అంతా బాగానే ఉంది."

"చూశారా, అనవసరంగా ఆపింది" అన్నాడు గడియారం ఆయన.

"అనవసరమేంటండీ?" అంది ఆవిడ. "విమానం దిగాక వేరేవాళ్ళ బట్టలు తేలితే నేనేం కట్టుకునేదాన్ని, మీ ప్యాంటా?" అందరూ నవ్వారు. ఆయన కూడా కొంచెం నవ్వాడు.

పెట్టెలు ఎక్కించడం అయింది. బాబాయి స్టీరింగు ముందు కూర్చుని కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. ఆయన ముఖంలో కోపం లేదు, ఎగతాళీ లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

"ఇంకేమన్నా ఉందా పిచ్చుకా? వెళ్ళొచ్చా?"

పిచ్చుక పొద్దుటి ఆటంతా మొదటి నుంచి గుర్తు తెచ్చుకుంది. విప్పిన ఒక్కో ముడినీ లెక్కపెట్టుకుంది. కాఫీ రంగుది సరైనదైతే, ఆఫీసులో ఉన్న బూడిద రంగుదీ సరైనదే. ఎవరూ దాన్ని తొందరపెట్టలేదు.

"ఇంకేం లేదు. వెళ్ళొచ్చు బాబాయ్" అంది.